హార్వర్డ్‌కు మూడు, మన మండలానికి నూరు

అమెరికాలో హార్వర్డ్ అని, ఎంఐటీ అని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలున్నాయి. పాపం, వాళ్లకు ఆన్‌లైన్‌లో చదువు చెప్పడం చేతకాదు. 2012లో రెండూ కలిసి ఎడెక్స్ అని ఒకటి పెట్టి, ఏ మూలనున్నవాళ్లయినా ఇంట్లో కూర్చుని మా పాఠాలు నేర్చుకోవచ్చు రండని తలుపులు బార్లా తెరిచాయి. లక్షల మంది వెళ్లారు. కొన్నేళ్లయ్యాక ఇద్దరు పరిశోధకులు ఆ లెక్కలు తిరగేసి 2019లో ‘సైన్స్’ పత్రికలో రాశారు: 2017-18లో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసినవారు నూటికి 3.13 మంది. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలోనూ 46 మందే. అంత పేరుమోసిన ప్రొఫెసర్లు, అంత ఖర్చు, ఇంతా చేసి మూడు!

మన దగ్గర ఏ మండలమైనా తీసుకోండి. ఉపాధ్యాయుల ఆన్‌లైన్ శిక్షణ అనగానే పూర్తి చేసినవారు నూటికి నూరు. మధ్యలో బదిలీ అయినవారిని రెండు చోట్లా లెక్కేసి నూట రెండు చూపించినా నేను ఆశ్చర్యపోను.

ఎందుకింత తేడా అంటే, హార్వర్డ్ వాళ్లకు మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ, లేడు. ఆయన వాట్సాప్ గ్రూపు లేదు. అందులో ఉదయం పదింటికి పడే ఈ మెసేజ్ లేదు: “అందరు హెచ్‌ఎంలకు తెలియజేయునది ఏమనగా, ఈ రోజు సాయంత్రం 5 గంటలలోపు మాడ్యూల్ పూర్తి చేయని ఉపాధ్యాయుల పేర్లు పై అధికారులకు పంపబడును. అత్యంత ప్రాధాన్యతగా భావించవలెను.” బోధనాశాస్త్రంలో ఇన్ని వందల ఏళ్లుగా ఎవరికీ తట్టని సిద్ధాంతం ఇది. అక్కడేమో వీడియో ఎంత నిడివి ఉండాలి, ప్రశ్న ఎక్కడ పెట్టాలి, జనం ఎందుకు మధ్యలో మానేస్తున్నారని థీసిస్‌లు రాసుకుంటున్నారు. ‘పేర్లు పంపబడును’ అంటే సరిపోయేదానికి!

ఆ మెసేజ్ పడిన సాయంత్రం టీచరమ్మ ఇల్లు ఎలా ఉంటుందో మీరెరుగుదురు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. ఫోను బియ్యం డబ్బాకు ఆనుకుని, అందులో ఢిల్లీ నుంచి ఒక నిపుణురాలు పిల్లల్ని నేర్చుకునే ప్రక్రియలో భాగస్వాములను చేయడం గురించి ఓపిగ్గా చెబుతూ ఉంటారు.

“ఏమండీ, ఆ నెక్స్ట్ నొక్కండి. నా చేతులకు పిండుంది.”

“నొక్కాను. ఏదో ప్రశ్న అడుగుతోంది.”

“చిన్నాడికివ్వండి. వాడికలవాటే.”

తొమ్మిదో తరగతి చిన్నాడు యూట్యూబ్‌లో జవాబుల వీడియో పక్కన తెరిచి, బి, డి, ఎ, డి, సి అని టకటకా నొక్కేస్తాడు. సర్టిఫికెట్ అమ్మ పేరున వస్తుంది. నేర్చుకునే ప్రక్రియలో పిల్లవాణ్ని భాగస్వామిని చేయడం ఇంతకన్నా ఎవరి వల్లా కాదు.

టీచరమ్మను నేనేమీ అనను. ఆ రోజు ఆమె అప్పటికే తన ముఖం ఫొటో ఒక యాప్‌లో, భోజనం ఫొటో ఇంకోదాంట్లో ఎక్కించి వచ్చింది. మూడోదానికి ఓపిక ఎక్కడిది? ఆమె పాఠం నేర్చుకోవాలని పైన ఎవరూ కోరలేదు. ఆమె పేరు ఎదురుగా ఉన్న గడి పచ్చగా మారాలన్నారు, మార్చింది.

ఈ పచ్చదనం పుట్టుక తెలుసుకోవాలంటే యంత్రం లోపలికి కాస్త తొంగిచూడాలి. ఆన్‌లైన్ పాఠాలు ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారైనా ఏ పోర్టల్‌లోనైనా నడవాలంటే ఒక ఉమ్మడి పద్ధతి కావాలి. అమెరికా రక్షణ శాఖ చలవతో రెండు వేల సంవత్సరం ప్రాంతంలో అలాంటిది వచ్చింది, పేరు స్కార్మ్. ప్రపంచమంతా వాడిన దాని 1.2 రూపంలో, నేర్చుకునే మనిషి గురించి పాఠం పోర్టల్‌కు చెప్పగలిగిన స్థితులు ఆరు: పాసయ్యాడు, పూర్తి చేశాడు, తప్పాడు, పూర్తి చేయలేదు, ఊరికే చూసిపోయాడు, అసలు ముట్టుకోలేదు. అంతే. ‘అర్థమైంది’ అనే గడి లేదు. ‘రేపు బడిలో ఇలా చేసి చూస్తాడు’ అనే గడి అంతకన్నా లేదు. గడి లేనిదాన్ని డాష్‌బోర్డు చూపించలేదు. డాష్‌బోర్డు చూపించనిదాన్ని సమీక్షా సమావేశంలో ఎవరూ అడగరు.

ఇది సర్కారు జబ్బేనని మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల ఏసీ గదుల్లో కూర్చున్నవారు నవ్వుకోనక్కర్లేదు. ఏటా అక్కడ సైబర్ భద్రత మీద, ఆఫీసులో ఆడవాళ్లతో నడుచుకోవాల్సిన తీరు మీద తప్పనిసరి కోర్సులుంటాయి. ముందుకు జరపడానికి వీల్లేని వీడియోను మ్యూట్‌లో పెట్టి, పక్క కిటికీలో పని చేసుకుంటారు. చివరి క్విజ్‌లో ‘పైవన్నీ’ అనేది కనిపిస్తే అదే జవాబు. కంపెనీకి కావలసింది రేపెప్పుడైనా కోర్టులో చూపించడానికి ఒక కాగితం. ఆ లెక్కన అది గొప్ప శిక్షణే.

మరి మూల్యాంకనం చేయడం లేదా అంటే, ఎందుకు చేయరు, ఫీడ్‌బ్యాక్ ఫారం ఉందిగా. ‘ఈ శిక్షణ మీకెలా అనిపించింది? బాగుంది, చాలా బాగుంది, అద్భుతం.’ నేరుగా జరిగే శిక్షణలైతే భోజనం గురించీ అడుగుతారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ప్రశ్నకే జనం ఆలోచించి జవాబు రాస్తారు. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన శిక్షణను తూచడానికి నాలుగు మెట్లు చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా? నేర్చుకున్నారా? వెనక్కి వెళ్లి పనిలో వాడుతున్నారా? దానివల్ల సంస్థకు ఒరిగిందేమిటి? శిక్షణల వ్యాపారంలో ఉన్న ప్రతివాడికీ ఈ నాలుగూ కంఠతా వచ్చు, ప్రతి పవర్‌పాయింట్‌లో పిరమిడ్ బొమ్మగా ఉంటాయి. ఆచరణలో మాత్రం మొదటి మెట్టు దాటరు. అలిపిరిలో కొబ్బరికాయ కొట్టేసి, కొండమీద దర్శనం బ్రహ్మాండంగా అయిందని ఊళ్లో ప్రసాదం పంచేవాణ్ని మీరేమంటారో వీళ్లనీ అదే అనండి.

పైగా ఆ మొదటి మెట్టు కూడా వంకరే. హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగం 2019లో వెలువడింది. ఒక గుంపుకు చేయి తిరిగిన ఉపన్యాసకుడు చక్కటి లెక్చరు ఇచ్చాడు. రెండో గుంపు తామే తంటాలుపడి లెక్కలు చేసింది. తర్వాత పరీక్ష పెడితే తంటాలుపడ్డవాళ్లకే ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ ఎంత నేర్చుకున్నారని అడిగితే, లెక్చరు విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. అంటే ‘అద్భుతం’ అని టిక్కు పడిన చోట నిద్ర బాగా పట్టి ఉండవచ్చునన్నమాట.

ఇక పరికరాల సంగతి. 1913లో థామస్ ఎడిసన్, బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లినట్టేనని, సినిమా బొమ్మలే పాఠాలు చెబుతాయని, పదేళ్లలో బడి రూపమే మారిపోతుందని జోస్యం చెప్పాడు. ఆ పదేళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీతో ఒప్పందం చేసుకుంది. డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ఇచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన మొదలుపెట్టి ఇంకో నాలుగు లక్షలకు పైగా. ఒక్కో ట్యాబు ధరెంత, అందులోని పాఠాల విలువెంత అని వేదికల మీద రూపాయల్లో చెప్పారు. 2022లో 2,200 కోట్ల డాలర్లు విలువ కట్టిన ఆ కంపెనీ మీద, 2024 జూలైలో క్రికెట్ బోర్డుకు పడ్డ బాకీ కేసులో దివాలా ప్రక్రియ మొదలైంది. కూడికలు తీసివేతలు ఎవరు ఎవరికి నేర్పాలో!

ఒక్క ప్రభుత్వాన్ని అని లాభం లేదు. పార్టీ ఏదైనా, ట్యాబు ఫొటోలో బాగా పడుతుంది. భిన్నాలు ఫొటోలో పడవు. పెరూ దేశంలోనూ పిల్లకొక ల్యాప్‌టాప్ అని పల్లె బడులకు లక్షల్లో పంచారు. 319 బడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి చూసి, లెక్కల్లోగానీ చదవడంలోగానీ తేడా ఏమీ కనబడలేదని 2012లో పరిశోధకులు తేల్చారు. పెరూ వాళ్లు చేసిన పొరపాటల్లా పరీక్ష పెట్టనివ్వడమే.

కంప్యూటరు వల్ల చదువు రాదని ఇక్కడితో తీర్మానించేసే పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్ల పలకా బలపం వైరాగ్యానికీ ఆధారం లేదు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 619 మంది పిల్లల మధ్య లాటరీ తీసి, గెలిచినవారిని బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కేంద్రానికి పంపారు. కొంతసేపు కంప్యూటరు, కొంతసేపు చిన్న గుంపుల్లో టీచరు. నాలుగున్నర నెలల తర్వాత పరీక్ష పెడితే లాటరీలో రానివాళ్ల కన్నా వీళ్లు లెక్కల్లో, హిందీలో స్పష్టంగా ముందున్నారు. కారణం పెద్ద మాయ ఏమీ కాదు. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆరో తరగతి పాఠం వల్లించకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలెట్టింది. గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనం ఇంకా తమాషా. కంప్యూటరు పాఠం బడి అయ్యాక అదనంగా చెబితే పిల్లలు బాగుపడ్డారు. మామూలు పాఠం తీసేసి ఆ వేళలో పెడితే వెనకబడ్డారు. సాఫ్ట్‌వేర్ అదే. ఈ తేడా ఏ డాష్‌బోర్డుకు తెలుస్తుంది? రెండు చోట్లా పిల్లలు లాగిన్ అయ్యారుగా!

నేర్చుకున్నారా లేదా అని ఇలా చూడటం మనకు రాకనా? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. సైట్ అంటారు దాన్ని, మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. ఆ రాకెట్ల మనుషులే, ఇస్రో వాళ్లే, జనం ఏం నేర్చుకున్నారో చూడటానికి సామాజిక శాస్త్రవేత్తల్ని పెట్టుకున్నారు. కొందరు ఊళ్లలోనే మకాం పెట్టి, టీవీ రాకముందు ఎలా ఉంది, వచ్చాక ఏమైంది అని రాసుకున్నారు. అప్పుడు డేటా అనలిటిక్స్ లేదు, నడిచి వెళ్లి అడగాల్సి వచ్చింది.

ఇప్పుడు అడిగేదెవరంటే, అసర్ సర్వే కుర్రాళ్లు. వాళ్ల సాంకేతికత ఒక కాగితం. అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. పల్లెలో ఇంటింటికీ వెళ్లి పిల్లచేత చదివిస్తారు. 2019 ఆగస్టులో కేంద్రం 42 లక్షల మంది టీచర్ల కోసం నిష్ఠ శిక్షణ మొదలుపెట్టి, ప్రపంచంలోకెల్లా ఇంత పెద్దది లేదని చాటింది. 2020 అక్టోబరులో అది దీక్షా పోర్టల్ మీద ఆన్‌లైన్ అయింది. 2021లో చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడం మీదే 12 కోర్సులు వచ్చాయి. 2022లో కాగితం పట్టుకున్న కుర్రాళ్లు వచ్చి చూస్తే, మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం, తెలంగాణలో 5.2 శాతం. 2018లో ఇవి 22.6, 18.1. కరోనాకు బడులు మూతపడ్డ దెబ్బ ఇది, దీన్ని శిక్షణ నెత్తిన రుద్దితే అన్యాయం. నేను రుద్దడం లేదు. పిల్లలు కిందకు జారుతున్నంత కాలం మన డాష్‌బోర్డులు పచ్చగానే ఉన్నాయని మాత్రం చెబుతున్నాను.

అధికారులకు చిన్న మనవి. ఈసారి టెండరులో ‘ఎంగేజ్‌మెంట్’, ‘గేమిఫికేషన్’ అని రాసిన చోట ఒక్క వాక్యం చేర్చండి: మూడు నెలల తర్వాత, కంపెనీకి సంబంధం లేని మనుషులు, శిక్షణ అందిన బడుల్లోనూ అందని బడుల్లోనూ ఒకే పరీక్ష పెడతారు, అది చూశాకే ఆఖరి వాయిదా చెల్లిస్తాం. ఆ వాక్యం చదివాక టెండరు వేయడానికి ఎంతమంది మిగులుతారో చూడండి. అసలు మూల్యాంకనం అక్కడే సగం అయిపోతుంది.

తల్లిదండ్రులకైతే టెండరుతో పనిలేదు. ఈ వారం మీ మూడో తరగతి పిల్లవాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదవమనండి. చదివితే సంతోషం. చదవలేకపోతే ఆ పుస్తకం తీసుకుని బడికి వెళ్లి, వీడి పాఠం పూర్తయిందని ఎవరు టిక్కు పెట్టారో అడగండి. టీచరమ్మ దగ్గర ఆగకండి. ఆ ప్రశ్న ఎంఈఓ దాకా, ఆయన వాట్సాప్ గ్రూపు దాకా వెళ్లాలి.