కాలకేయుల క్రియాపదాలు

కాలకేయుల రాజుది పాలమూరు. ఈ ముక్క మక్తల్‌లో ఎవరి చెవిన వేసినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత కొంచెం మీసం దువ్వుతారు. 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ సినిమాలో కాలకేయుల రాజు ఇంకోషి వేషం కట్టిన ప్రభాకర్ కొడంగల్ ప్రాంతం మనిషి. అప్పట్లో కొడంగల్, మక్తల్ రెండూ పాలమూరు అనే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొడంగల్ వికారాబాదుకు పోయింది. 2019లో నారాయణపేట జిల్లా పుట్టాక మక్తల్ అందులోకి వచ్చింది. మ్యాపులో ఎన్ని గీతలు గీసినా ఇంకోషి మాత్రం ఇక్కడివాళ్లకి ‘మనోడే’.

తెలుగు సినిమా ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీలకీ హాస్యగాళ్లకీ పంచిపెట్టింది. తీరా ఓ పెద్ద ప్రతినాయకుడి వేషం పాలమూరు మనిషికి దక్కేసరికి, ఆయన నోట్లో ఆ యాస పెట్టలేదు. కొత్త భాషనే చేయించి పెట్టారు. ఆయన గొంతు మనది, మాట మాత్రం మద్రాసు నుంచి వచ్చింది.

ఆ భాష పేరు కిలికి. కట్టినవాడు తమిళ సినీ రచయిత మదన్ కార్కి, కవి వైరముత్తు కొడుకు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదువుకునే రోజుల్లో ఆయన ఖర్చుల కోసం పిల్లల్ని చూసుకునే పని కూడా చేశాడు. ఆ పిల్లల్ని ఆడించడానికి ఓ వంద మాటలతో ‘క్లిక్’ అనే భాష అల్లాడు. ‘బాహుబలి’ దర్శకుడు రాజమౌళి అడిగినప్పుడు ఆ విత్తనాన్నే తీసి నాటితే అది దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాల చెట్టయింది. ఒకప్పుడు పసిపిల్లల్ని ఊరుకోబెట్టిన భాష తెరమీద మాహిష్మతి రాజ్యాన్ని గడగడలాడించింది. పసిపిల్లల్ని పెంచినవాళ్లకి ఇందులో వింతేమీ కనబడదు.

2020 ఫిబ్రవరి 21న కార్కి కిలికికి సొంత లిపిని, వెబ్‌సైటును కూడా తెచ్చాడు. ఆ తేదీ మాతృభాషా దినోత్సవం. తల్లి లేని భాషకి అంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలో దొరుకుతుంది?

సినిమా ఆడిన ఆ వానాకాలంలో ఈ వ్యాసకర్త వాకిట్లోనూ రోజుకో పిల్లల యుద్ధం జరిగేది. కట్టెపుల్లల కత్తులు, నుదుట బొగ్గు మసి, గొంతు చించుకుని కిలికి. చాటలో జొన్నలు చెరుగుతున్న అవ్వ ఓపిక పట్టి పట్టి ఒకనాడు అడిగింది.

“ఏందిరా ఆ లొల్లి? కుత్తికెల ముల్లు ఇరికిందా?”

“ముల్లు గాదవ్వా, కిలికి!”

“యాడి భాషరా అది? రాయిచూరు దిక్కుదా?”

“కాదే, సినిమాలది.”

“తిట్టు అర్థం గాకుంటె కొట్లాట ఎట్ల మోపైతదిరా?”

భాష అనేదాన్ని అవ్వ పట్టుకోవలసిన చోటే, అర్థం దగ్గరే పట్టుకుంది. కొత్త భాషను కనిపెట్టేవాళ్లు చాలామంది మాత్రం ముందుగా శబ్దాల మీద పడతారు. వినగానే జడుసుకోవాలి, లేదా ముద్దొచ్చేయాలి. కిలికిలో నాలుకతో కొట్టే చప్పుళ్లు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ఖోసా, జులు భాషలవాళ్లకి అవి నిజమైన హల్లులే, వాటితో మాటలు కడతారు. మన దగ్గరా ఆ చప్పుళ్లు లేకపోలేదు, వర్ణమాలలోకి రానివ్వలేదంతే. ఎద్దుల్ని అదిలించేటప్పుడు నాలుకను అంగిలికి కొట్టి చేసే చప్పుడు ఒకటి. పెళ్లి సంబంధం తప్పిపోయిందని విన్నప్పుడు చేసేది ఇంకొకటి. కథలు రాసేవాళ్లు దాన్ని ‘ప్చ్’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ ‘ప్చ్’ని పైకి చదవమని ఏ పంతులూ ఏ పిల్లాణ్నీ అడగడు. మక్తల్ కాలకేయులు మాత్రం నేర్చుకోకుండానే అందులో ఆరితేరారు.

హాలీవుడ్ సంగతి ఇంకా వినదగ్గది. ‘స్టార్ ట్రెక్’ సినిమాల్లో క్లింగన్లు అనే కోపిష్ఠి గ్రహాంతరవాసులు ఉంటారు. 1984 నాటి మూడో సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త వాళ్లకి భాష కట్టాడు. భూమ్మీది మనుషుల భాషలా వినిపించకూడదని పట్టుబట్టి, మామూలుగా ఒకచోట కలిసి ఉండని శబ్దాలను ఏరి ఒకచోట చేర్చాడు. అందులో పళ్ల దగ్గర పలికే ‘ద’ లేదు. నాలుక మడిచి పలికే ‘డ’ ఉంది, దానికి తోడు ‘ష’ కూడా. అమెరికా ప్రేక్షకులు గ్రహాంతరం నుంచి వచ్చిందనుకున్న ఆ ‘డ’ మక్తల్ బస్టాండులో పొద్దస్తమానం వినబడుతుంది: “ఏడికి? ఈడ ఆగది, ఆడ ఎక్కు.”

వాక్యం కట్టేటప్పుడు కూడా ఓక్రాండ్ అరుదైన వరస కోసం వెతికాడు. ముందు కర్మ, తర్వాత క్రియ, చివర కర్త. ప్రపంచ భాషల్లో దీన్ని మామూలు వరసగా పెట్టుకున్నవి చాలా తక్కువ. “చాయ్ తాగిండు మా తాత” అని మక్తల్ హోటల్లో ఎవరన్నా అంటే అచ్చం క్లింగన్ వాక్యమే. మనకది అలవాటుగా వచ్చిపోయే వరసల్లో ఒకటి, వాళ్లకి అదే రాజ్యాంగం. క్లింగన్‌లో నమస్కారానికి మాట లేదు, ఎదుటివాణ్ని “ఏం కావాలి?” అని అడగడమే పలకరింపు. కాగితం పట్టుకుని ఏ కౌంటరు ముందైనా నిలబడ్డవాళ్లు ఆ మర్యాదను ఎరుగుదురు.

శబ్దాలు మారిస్తే భాష మారిపోతుందా అన్నది ఏ ప్రయోగశాలా లేకుండా మన పిల్లలు ఏనాడో తేల్చేశారు. తెలుగు పిల్లల రహస్య భాష ‘క భాష’. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ తగిలిస్తే సరి. “రేపు బడికి రాను” అన్నది “కరేకపు కబకడికకి కరాకను” అవుతుంది. వేగంగా అంటే కాలకేయులే బెదరాలి. కానీ ముసుగు తీసి చూస్తే లోపల క్రియ చెక్కుచెదరలేదు. ‘రాను’లోని ‘ను’ బడి ఎగ్గొట్టేది ఎవరో చెబుతూనే ఉంది. తల్లులు దీన్ని వెంటనే పట్టేస్తారు, వాళ్లూ చిన్నప్పుడు ఇదే భాషలో బడి ఎగ్గొట్టారు కనుక.

అసలు కష్టం క్రియ దగ్గర మొదలవుతుంది. 1887లో ఎస్పెరాంటో అనే కల్పిత భాషను ప్రకటించిన జామెన్‌హోఫ్ కళ్ల డాక్టరు. పోలిష్, రష్యన్, యిద్దిష్, జర్మన్ మాట్లాడేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోని బియలిస్టాక్‌లో పుట్టాడు. అందరికీ ఒక భాష ఉంటే కొట్లాటలు తగ్గుతాయని ఆయన ఆశ. పదహారు సూత్రాలతో పని ముగించి, క్రియకి పురుషలూ వచనాలూ పీకేశాడు. ‘మి ఇరస్’, ‘వి ఇరస్’, ‘లి ఇరస్’: నేను, నువ్వు, అతను ఎవరు వెళ్లినా ఒకటే రూపం. మక్తల్, నారాయణపేట చుట్టుపక్కల తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినబడతాయి. ఇక్కడెవరూ ఎస్పెరాంటో కట్టలేదు. ఏ భాష నుంచి మాట వచ్చినా దానికి ‘చేయు’నో ‘అవు’నో తగిలించి పని నడిపించారు. పరేశాన్ జేసిండు, ఖరాబయింది, మాఫ్ జెయ్యి. రేపు కిలికి కూడా ఊళ్లోకి వస్తే ‘కిలికి జేస్తున్నడు’ అని దానికీ ఓ పీట వేస్తారు.

కొత్త భాషల్లో వింత లింగభేదాలు కనబడితే మెచ్చుకునేవాళ్లు మక్తల్ వచ్చి ఓ పూట కూర్చోవాలి. కోడలు వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది: మూడింటికీ ఒకటే క్రియ. అదే బహువచనం చేయండి. కోడండ్లు వచ్చిండ్రు, బర్రెలు వచ్చినయ్. ఒంటరిగా వస్తే బర్రె లెక్కలో ఉన్న కోడలు, తోడికోడలిని వెంటబెట్టుకు వచ్చేసరికి మనుషుల్లో కలిసిపోయింది. కృష్ణ దాటి రాయచూరు వెళితే కన్నడం ఆమెకి ‘బందళు’ అని విడిగా ఒక రూపం ఇస్తుంది. ఈ వ్యాసకర్త ఈ సూత్రాన్ని ఇంట్లో భోజనాల వేళ ఉదాహరణతో సహా వివరించాడు. ఆ రాత్రి ఇంట్లో బర్రెకీ ఆయనకీ ఒకేసారి మేత పడింది, బర్రెకే ముందు.

‘అవతార్’ సినిమా 2009లో వచ్చింది. దానికోసం పాల్ ఫ్రామర్ కట్టిన నావి భాషలో క్రియ పొట్ట కోసి, లోపల అక్షరాలు దూర్చి, మళ్లీ కుడతారు. ‘తారొన్’ అంటే వేటాడు. నడుమ ఒకటి దూరిస్తే ‘తొలారొన్’, వేట అయిపోయింది. ఇంకొకటి దూరిస్తే ‘తారెయొన్’, వేటాడటం చెప్పేవాడికి సంతోషం. వేరొకటి దూరిస్తే ‘తారాంగొన్’, వేటాడటం చెప్పేవాడికి ఏడుపు. చెప్పేవాడి మనసును క్రియలోనే దాచిపెట్టిన ఈ ఏర్పాటుకి అభిమానులు మురిసిపోయారు.

మన అవ్వలు ఆ పని పొట్ట కోయకుండానే చేస్తారు. “వచ్చిండు” అంటే సమాచారం. “వచ్చి సచ్చిండు” అంటే వచ్చినవాడి మీద అభిప్రాయం. “ఏం రాసి ఏడ్చిండో”, “యాడికి పోయి తగలడ్డడో” అన్నప్పుడు చావూ లేదు, ఏడుపూ లేదు, తగలబడినదీ లేదు. మూడూ ఫ్రామర్ పెట్టిన ఆ ఒక్క ముక్క చేసే పనే చేస్తున్నాయి. కాకపోతే ఫ్రామర్ దగ్గర విసుగుకి ఉన్నది ఒకే ముక్క, అవ్వ దగ్గర సందర్భానికి ఒకటి ఉంది.

కిలికిలో కార్కి పెట్టిన ఒక చిట్కా ముచ్చటైనది. ‘మిన్’ అంటే నేను, దాన్ని తిరగేస్తే ‘నిమ్’, నువ్వు. ఎదుటివాడు మనకి తిరగబడ్డ రూపమే అన్నమాట. గట్ల తగాదాలున్న ఊళ్లో దీన్ని విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. తెలుగు అంత శ్రమ కూడా పెట్టుకోలేదు. ‘నా’కీ ‘నీ’కీ తేడా ఒక్క అచ్చు. నా బర్రె నీ చేనులో పడ్డప్పుడు ఆ ఒక్క అచ్చు మీద పంచాయతీ తెల్లారేదాకా సాగుతుంది.

‘లేదు, కాదు, చేయను’ అనడంలో మాత్రం మనల్ని మించిన కల్పన ఏ కల్పిత భాషలోనూ కష్టమే. లోకంలో చాలా భాషలు కాదనడానికి ఒక ముక్క అదనంగా పెట్టుకుంటాయి. మనం ఉన్న ముక్క తీసేస్తాం. ‘పోతడు’లోంచి ‘త’ తీసేయండి: ‘పోడు’. ‘పోతం’లోంచి తీస్తే ‘పోం’. కాలాన్ని చెప్పే ప్రత్యయం ఊడిపోయిన ఖాళీయే వ్యతిరేకార్థం. ద్రావిడ భాషల మీద పనిచేసినవాళ్లు దీన్ని గొప్ప విశేషంగా చెబుతారు. మాట ఇచ్చేటప్పుడు ఒక అక్షరం ఖర్చు, ఎగ్గొట్టేటప్పుడు అది ఆదా.

ఇక జరిగిపోయినదాన్ని కాదనేటప్పుడు జామెన్‌హోఫ్ కలగన్న రూపమే మనకి దొరుకుతుంది. నేను రాలే, నువ్వు రాలే, ఆయన రాలే, ఆళ్లు రాలే. వచ్చినప్పుడు ఎవరు వచ్చారో క్రియే చాటుతుంది: వచ్చిన, వచ్చినవ్, వచ్చిండు, వచ్చిండ్రు. రానప్పుడు మాత్రం అది ఎవరి పేరూ బయటపెట్టదు. 2023 అక్టోబరు 1న మొదలై మక్తల్ మీదుగా నడిచే కాచిగూడ–రాయచూరు రైల్లో ఇది రెండు భాషల్లో వినవచ్చు. ఒక సీట్లో “పైసలు రాలే”, ఎదుటి సీట్లో “దుడ్డు బరలిల్ల”. కన్నడంలోనూ ఆ రూపానికి పురుష లేదు. రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు రాలేదు, రెండు వ్యాకరణాల్లోనూ దోషి దొరకలేదు.

ఇంకొక ముక్క మిగిలింది. భాష కనిపెట్టేవాళ్లకి మహా ప్రీతిపాత్రమైన సంగతి అది: చెప్పేవాడు కళ్లతో చూశాడా, ఎవరో అంటే విన్నాడా అన్నది క్రియలోనే తేల్చడం. టర్కిష్‌లో, క్వెచువాలో అందుకు ప్రత్యయాలు ఉన్నాయి. మక్తల్‌లో ‘అంట’ ఉంది. వచ్చిండు అంటే చూసినవాడి సాక్ష్యం, వచ్చిండంట అంటే పూచీ తనది కాదని చేసిన సంతకం. ‘బాహుబలి’ మొదటి భాగం ముగిసిన తీరుకి దేశమంతటికీ ఇలాంటి క్రియ అవసరపడింది. కట్టప్ప బాహుబలిని పొడవడం అందరూ చూశారు, ఎందుకో ఎవరికీ తెలియదు. శివగామి చెప్పిందంట, భల్లాలుడు చేయించిండంట, కాదు కట్టప్పే అమ్ముడుపోయిండంట. దాదాపు రెండేళ్లపాటు టీకొట్ల దగ్గర ‘అంట’ లేని వాక్యం లేదు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. పొద్దుటాట చూసి బయటికి వచ్చినవాళ్లు ‘అంట’ తీసేసి మాట్లాడారు. టికెట్ దొరకనివాళ్లు వాళ్ల దగ్గర కథంతా విని, పక్క వీధికి పోయి, “చూసినోళ్లే చెప్పిండ్రంట” అని ఇంకో ‘అంట’ తగిలించారు.