ఏకాండి సైకిలు

మాది బొబ్బిలి. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒక్క పనస దుంగనే తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా వీణ చేస్తారు. ఏకాండి వీణ అంటారు దాన్ని. మా పెరట్లో నూతి పక్కన ఏకాండి సైకిలు ఒకటుంది. దాన్నెవరూ తొలవలేదు. నేను వానలో వదిలేశానంతే. సీటు, హ్యాండిలు, పెడళ్ళు, నట్లు, బోల్టులు అన్నీ తుప్పు పట్టి ఒకే ముక్కయ్యాయి.

అది అత్తారిచ్చిన సైకిలు. అలకపాన్పు మీద నేనడిగింది మాత్రం స్కూటరు. ఆ రోజుల్లో చేతక్ బుక్ చేస్తే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. మా మావగారికి అద్దె సైకిళ్ళ షాపు. "స్కూటరు వచ్చీదాకా దీని మీద తిరగండి అల్లుడుగారూ" అని రాడ్ బ్రేకుల సైకిలు ఒకటి గుడ్డతో తుడిచి చేతికిచ్చారు. స్కూటరు రాలేదు. ఆయన మాటా తప్పలేదు.

సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, దాన్ని పాతినుము ఆటోకి వేసేద్దామంది మా ఆవిడ. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. 1757లో బుస్సీ ఫిరంగులకే లొంగని ఊరు కదా! ఓవరాయిలింగ్ చేసి దీని మీదే కోట దాకా వెళ్ళొస్తానన్నాను.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇనుము గాలితోనూ నీటితోనూ కలిసి ఆక్సైడ్ అవుతుంది, ఆ ఆక్సైడ్‌కి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే మరల సందు పూడిపోయి నట్టు బిగుసుకుంటుంది. ఈ పాఠం ఎన్ని బ్యాచిలకి చెప్పానో! సైకిలు ముందు కూడా చెప్పాను, పైకే. అది కదల్లేదు.

ముందు ఎడమ పెడలు పట్టాను. పానాకి ఇనప పైపు ముక్క తొడిగి, మామూలు నట్టు విప్పే వైపే తిప్పాను. కిరసనాయిలు దొరక్కపోతే కొబ్బరినూనె పోశాను. పైపు వంగింది. మా ఆవిడ అరుగు మీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూస్తోంది. బుట్ట సగం ఖాళీ అయ్యాక నోరు విప్పింది.

"ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుందండీ. మీరు బిగిస్తన్నారు."

నిజమే. తొక్కేటప్పుడు ఊడిరాకుండా ఆ వైపు మర ఎదురు కోస్తారు. పానా నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే ఏ పెడలైనా వస్తుందట. ముందే చెప్పొచ్చుగా అంటే, "సైన్సు మాస్టారు కదా, తెలుసనుకున్నాను" అంది. పెడలు ఆవిడే విప్పింది. షాపు వారి పిల్ల మరి.

కాటరు పిన్ను దగ్గర మాత్రం ఎవరి సాయమూ తీసుకోలేదు. క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న పిన్ను అది. నట్టుని మర చివరంటా వదులు చేసి, అక్కడే ఉంచి, క్రాంకు కింద దన్ను పెట్టి ఒక్క గట్టి దెబ్బ వెయ్యాలి. నేను నట్టు తీసేశాను. దన్ను పెట్టలేదు. గట్టి దెబ్బ ఒకటి వేసే ధైర్యం లేక చిన్న చిన్నవి చాలా వేశాను. మర కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇప్పుడు నట్టు ఎక్కదు, పిన్ను దిగదు.

ఫ్రీవీలు సంగతి తొందరగా చెప్పేస్తాను. దాన్ని విప్పకూడదు. లోపల ఎనిమిదో వంతు అంగుళం బాల్సు డజన్ల కొద్దీ ఉంటాయని, అవి పెరడంతా దొర్లాక తెలిసింది. రెండు చిక్కుడుకాయల్లో తేలాయి. ఇక పుల్లలంటారా, వెనక చక్రానికి 40, ముందు చక్రానికి 32. లెక్క ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఒక్కటీ ఊడలేదు.

పాతినుము ఆటో అతను గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటి బావూ, యాక్సిడెంటా?"

"ఓవరాయిలింగ్" అన్నాను. అతను మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చిక్కుడుకాయల వైపు చూసింది.

ఈమధ్య మా ఇంట్లో గ్రైండరు కీచుమంటోంది. ఆ మాట నాతో ఎవరూ అనరు. నేను వంటింట్లోకి రాగానే స్విచ్చి కట్టేస్తున్నారు.