గురక సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: "నాకు గురక రాదు. వచ్చినా, అది గాఢనిద్రకు గుర్తు."

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఎవరో తేలలేదు. నలభై దాటిన గృహయజమానులందరూ తామే కర్తలమంటారు. రచనాకాలం మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. రాత్రంతా కన్ను మూయని ఇల్లాలు పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ "ఏమండీ, రాత్రి మీరు..." అని ఎత్తుకున్న మరుక్షణం ఇది పుడుతుంది. ఆమె వాక్యం ఏ ప్రతిలోనూ పూర్తిగా దొరకలేదు.

ప్రతిపదార్థం. స్పష్టము. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు మొదటి సగం పాటిస్తాడు. రెండో సగం గురించి పాఠకులు పట్టుబట్టరాదు.

అన్వయం. పూర్వార్ధం గురకే లేదంటుంది, ఉత్తరార్ధం ఉంటే మంచిదేనంటుంది. "అప్పు తీసుకోలేదు, తీసుకున్నా ఎప్పుడో తీర్చేశాను" అనేవాడి తర్కం ఇది. రెండు సగాలనూ విడివిడిగా విచారించాలి.

పూర్వార్ధ విచారం. నైయాయికులు ఒప్పుకున్న ప్రమాణాలు నాలుగు. నిద్రపోతున్నవాడికి తన గురక ప్రత్యక్షం కాదు. అనుమానానికి అతడు సిద్ధంగా లేడు. ఉపమానం చెబితే కోపం వస్తుంది. ఇక మిగిలింది శబ్దం. అది రాత్రంతా మోగుతూనే ఉంటుంది గాని వినేది పక్కనున్నవారు. వైద్యశాస్త్రం ఈ పక్షానే నిలిచింది. టొరంటోకు చెందిన మత్తువైద్యురాలు ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ప్రకటించిన 'స్టాప్‌బ్యాంగ్' పట్టికలో ఎనిమిది ప్రశ్నలుంటాయి. నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నది వాటిలో ఒకటి. 'ఎవరైనా' అన్నచోట సూత్రకర్తకు ప్రవేశం లేదు. అయినా డాక్టరు గదిలో ఆ ప్రశ్నకు జవాబిచ్చేది ఆయనే. చూసిన మనిషి పక్క కుర్చీలో చేతిసంచీ పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమెను అడిగే డాక్టరుకు టీకాకారుడి నమస్కారం.

ఉత్తరార్ధ విచారం. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. గాలిదారి ఇరుకవుతుంది. అంగిలి వెనకున్న మెత్తటి భాగం, కొండనాలుక అదురుతాయి. ఆ చప్పుడే గురక. ఇంతవరకే అయితే అది పక్కవారి కష్టం. గురక పెట్టే ప్రతివాడూ రోగి కాడు. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఠక్కున ఆగుతుంది. ఇల్లాలు "అమ్మయ్య" అనుకునేది సరిగ్గా అప్పుడే. భయపడాల్సిందీ అప్పుడే. పది సెకన్లో అంతకు మించో ఊపిరి అందదు, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది, పెద్ద బుస్సుమనే చప్పుడుతో గాలి లోపలికి దూరుతుంది. దీనికి స్లీప్ యాప్నియా అని పేరు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 దాటితే జబ్బు లెక్కలోకి వస్తుంది, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ముప్ఫై అంటే రెండు నిమిషాలకోసారి. ఇది గాఢనిద్రట!

బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం, పగటిపూట స్టీరింగ్ మీద కునుకు — ఈ నలుగురూ ఆ నిద్రకు చుట్టాలు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువాళ్లను ఊగించిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూస్తే, వైద్యులు చెప్పిన కారణం ఈ యాప్నియాయే.

విశేషాంశం. ఇక్కడ కుంభకర్ణుణ్ణి తలవకపోతే టీకాకు పరువుండదు. లేపబోయిన రాక్షసులు అతడి ఊపిరి విసురుకు నిలవలేకపోయారని వాల్మీకి యుద్ధకాండలో చెప్పాడు. భేరీలకు లేవలేదు, అరుపులకు లేవలేదు, చివరికి ఒంటిమీద ఏనుగులను నడిపించారు. భారీకాయం, తిండి, మద్యం: అనుమానించాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. అయితే ఊపిరి మధ్యలో ఆగినట్టు కవి చెప్పలేదు. ఆగి ఉంటే రాక్షసులు ఆ సందు చూసుకుని దగ్గరికి చేరేవారు కదా! కాబట్టి ఇది కేవల గురక అని ఒక పక్షం. ఆర్నెల్ల నిద్ర బ్రహ్మ చెప్పినది కాబట్టి వైద్యపరీక్షకు లొంగదని మరో పక్షం. టీకాకారుడు మొదటిదానివైపే మొగ్గుతాడు. మెడ చుట్టుకొలత తెలిస్తే తేలిపోయేది. స్టాప్‌బ్యాంగ్‌లో హద్దు 40 సెంటీమీటర్లు. లంకలో టేపు దొరకలేదు.

మరి ఊర్మిళ? మన ఆడవాళ్ల పాటలో ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోయింది. గురక పెట్టిందా అని ఏ పండితుడూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నారు. ఆ మర్యాదే ఇప్పటికీ ఆడవాళ్ల కొంప ముంచుతోంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 30–60 ఏళ్లవారిని పరీక్షించి 1993లో ప్రకటించిన లెక్కలో, గంటకు 5 దాటినవారు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. ముట్లుడిగాక ఆడవాళ్లలో ఇది ఇంకా పెరుగుతుంది. కాని ఆవిడ వచ్చి నీరసం, పొద్దున్నే తలనొప్పి, నిద్ర పట్టదు అని చెబితే, రక్తం తక్కువనో దిగులనో మాత్ర రాసి పంపుతారు. ఆమె పక్కన పడుకున్న సాక్షి సంగతి మూలంలో చూశాం. ఆయన గాఢనిద్రలో ఉన్నాడు.

సూత్రం ఎక్కడికో పోయింది. చికిత్సకు వద్దాం.

చికిత్సా ప్రకరణం. బరువు తగ్గడం, రాత్రి మందు మానడం, పక్కకు తిరిగి పడుకోవడం అందరికీ తెలిసినవే, అందరూ వాయిదా వేసేవే. పిల్లల్లో అయితే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించాలి. కింది దవడను ముందుకు నిలిపే పళ్ల పరికరం కొందరికి పనిచేస్తుంది. అంగిలి కోత ఫలితం గొంతు నిర్మాణాన్ని బట్టి మారుతుంది. స్విట్జర్లాండ్‌లో 25 మందితో చేసిన ప్రయోగంలో కొందరిచేత నాలుగు నెలలు ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరిడూ బూర ఊదిస్తే జబ్బు తగ్గింది. 2006లో అచ్చయిన ఈ పరిశోధనకు 2017లో ఇగ్నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పక్కింటివాళ్లకు శాంతి దక్కిందో లేదో తీర్పులో లేదు. మన సన్నాయి మీద అలాంటి పరీక్ష చేస్తే మేళగాళ్లకు పొద్దున్నే గిరాకీ దొరుకుతుంది.

మధ్యస్థం, తీవ్రం అన్నవాటికి మొదటి మందు సీప్యాప్. సిడ్నీలో కోలిన్ సల్లివన్ 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారు తగిలించి, ముక్కులోకి గాలి ఒత్తి, గొంతు మూసుకోకుండా నిలబెట్టాడు. మరుసటి ఏడాది లాన్సెట్‌లో ప్రకటించాడు. ఇప్పటి మిషను మంచం పక్క బల్ల మీద ఇముడుతుంది, పెద్దగా చప్పుడు చేయదు. సూత్రకర్త దాన్ని కొంటాడు, మూడు రాత్రులు పెట్టుకుంటాడు, తర్వాత అలమరలో పెట్టి "రోజూ వాడుతున్నాను" అని కొత్త సూత్రం రచిస్తాడు. ఇక్కడ మాత్రం పండితులు పొరబడే వీలు లేదు. ఏ రాత్రి ఎన్ని గంటలు తొడుక్కున్నాడో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో మిషను తన కార్డులో రాసుకుంటుంది. తదుపరి అపాయింట్‌మెంటుకు ఆ కార్డు చేతిసంచీలో వేసుకుని వచ్చేది ఇల్లాలే.