పావుగంట శాసనము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక: మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరికి వ్యాఖ్య రాయడానికి కాళిదాసు దొరికాడు. మాకు దొరికింది ఒక చీటీ. తిరువూరులో విజయవాడ–జగదల్‌పూర్ జాతీయ రహదారికి దగ్గర్లోని ఒక డాబా ఇంట, దేవుడి గది తలుపుకు సెల్లోటేపుతో అంటించి ఉంది. గ్రంథకర్త 58 ఏళ్ల గృహస్థు. చీటీ వెనక మామిడికాయల కాటా లెక్క ఉన్నది గనుక రచనాకాలం వేసవి.

మూలము: రేపటి నుంచి తెల్లవారుజామున 5 గంటలకు పావుగంట ధ్యానం. ఎవరూ పిలవకండి.

ప్రతిపదార్థము: రేపటి నుంచి = నేడు తప్ప ఏనాడైనను; తెల్లవారుజామున 5 గంటలకు = పాలవాడును కొళాయి నీళ్లును వచ్చు వేళ; పావుగంట = అలారము నొక్కి మరల పడుకొనిన కాలముతో కలిపి పదునైదు నిమిషములు; ధ్యానం = వీపు నిటారుగా నిలిపి ఊపిరిని గమనించుట; ఎవరూ = భార్య; పిలవకండి = పిలువకుము. ఇది ఏకవచనార్థమున గౌరవ బహువచనము. ఆ ఇల్లాలికి ఈ గ్రంథకర్త ‘అండి’ వాడిన స్థలము ఇదొక్కటే.

టీక: ‘పావుగంట’ అనుచోట ఆచార్యులలో మతభేదము కలదు. విపశ్యన నేర్పిన గోయెంకా గారు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమన్నారు. 1990లో కర్నూలులో పిరమిడ్ ధ్యానోద్యమం మొదలుపెట్టిన పత్రీజీ మతాన ఎన్నేళ్ల వయసో అన్ని నిమిషాలు. ఆ లెక్కన గ్రంథకర్త 43 నిమిషాలు బాకీ. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి వేళా పద్ధతీ పెట్టుకొని చేసే సాధననే ఒప్పుకోలేదు గనుక ఆయన ప్రకారం చీటీయే దండగ. ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినంగా ప్రకటించింది. ఏడాదికొక్క రోజు చాలునన్న ఈ మతం ఇల్లాలికి సమ్మతము.

కన్ను మూయగానే గ్రంథకర్తకు స్ఫురించునది బ్రహ్మము కాదు. నున్న మామిడి మార్కెట్లో కోసిన తరుగు. దీనిని దోషమనరాదు. మనసు తరుగు మీదికి పోయినదని తెలిసిన క్షణాన దాన్ని తిరిగి ఊపిరి మీదికి తెచ్చుకోవడమే సాధన. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లు తేవాలి. ఆత్మపరిశీలన కూడా ఇక్కడే మొదలవుతుంది. తరుగు కోసినవాడి మీద కోపం, దాన్ని ఇంటికొచ్చి ఎవరి మీద చూపించామన్నది, రెండూ ఒకే ఊపిరిలో గుర్తొస్తాయి. వద్దన్నా వస్తాయి.

ఇక ‘ఎవరూ’. గ్రంథమంతటికీ ప్రాణం ఈ పదమే. మామిడి లారీ చీటీ చదవదు. భద్రాచలం బస్సు చదవదు. గుడి మైకుకు చదువే రాదు. శాసనం వర్తించేది ఇంట్లోవాళ్లకే, అందులోనూ ఒక్కరికే. పోలికకు చూడండి: ఏలూరు నుంచి చింతలపూడి వెళ్లే దారిలో విజయరాయి దగ్గర విపశ్యన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరంలో తెల్లవారి నాలుగింటికి గంట కొడతారు, ఫోన్లు ముందే తీసుకుంటారు, మాటలుండవు. రుసుమూ లేదు. అయితే అంతమంది కళ్లు మూసుకొని కూర్చోగలగడానికి వంటశాలలో కొందరు కళ్లు తెరుచుకొని ఉంటారు. వాళ్లు పూర్వం శిబిరం చేసినవాళ్లు; ఇష్టపడి సేవకు వస్తారు. తిరువూరు ఇంట్లో ఆ సేవకురాలిని ఎవరూ అడగలేదు. పాలవాణ్ణి గేటు దగ్గరే వేలు చూపి ఆపేది ఆమె. మోటారు వేసేది, కుక్కరును కూత వేయకముందే దించేది ఆమె. గ్రంథకర్త తాను సాధించాననుకుంటున్న నిశ్శబ్దంలో సగానికి పైగా ఆమె చేత్తో చేసినదే. వ్యాఖ్యాతగా ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

తాత్పర్యము: రేపు మొదలు ఉదయము అయిదింటికి నేను కన్నులు మూసుకొందును, ఆ పావుగంట ఇల్లు నీవు చూచుకొనుము అని భావము.

పాఠాంతరము: చీటీ అడుగున పెన్సిలుతో, వేరే దస్తూరీలో ఇలా ఉంది: “సాయంత్రం 6 నుంచి పావుగంట నేను. పొయ్యి మీద పాలు మీరు చూడండి.” దీనిని ప్రక్షిప్తమని గ్రంథకర్త వాదించాడు. లిపి వేరు, శైలి వేరు, పైగా పాల ప్రస్తావన అప్రస్తుతము అన్నాడు. నిలవదు. ఈ పాఠం లేనిదే మూలం సగం గ్రంథము. మా పరిష్కరణలో రెండు పాఠాలనూ ఒకే సిరాతో ముద్రిస్తున్నాము.

విజ్ఞప్తి: ఇటువంటి చీటీలు మీ ఇళ్ల తలుపుల మీద కూడా ఉండవచ్చు. చదువరులు దయచేసి అడుగుభాగం కూడా చూసి, పెన్సిలు పాఠమేదైనా ఉంటే చెరపకుండా తెలియజేయగలరు. ఖాళీగా ఉంటే పెన్సిలు అక్కడే పెట్టి రాగలరు.