నన్నయ ఫైలు

మా యూనివర్సిటీ గేటుకు ఎదురుగా, జిరాక్స్ సెంటరుకూ మిర్చిబజ్జీల బండికీ నడుమ ఒక డీటీపీ షాపుంది. తెలుగులో పరిశోధన జరిగేది అక్కడే. గేటు లోపల జరిగేవి సంతకాలు.

2020లో నేను ఒక కాగితం చేత్తో పట్టుకుని ఆ షాపు మెట్లెక్కాను. మాది నల్లగొండ వైపు మగ్గాల ఊరు. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఇప్పటికీ గుంట మగ్గం మీద చిటికి చీరలు నేస్తాడు. పట్నంలో వాటిని ఇక్కత్ అంటారు, ధరకు ఇంకో సున్నా కలుపుతారు. ఆ ఇంట్లో పెరిగిన నాకు పడుగు, పేక, ఆసు, కండె, నాడె, పన్నె లాంటి మాటలు అన్నం, పప్పు అన్నంత తేలిగ్గా వస్తాయి. మా మామ కొడుకులకు రావు. పెద్దవాడు భివండీలో, చిన్నవాడు కొరియర్ బండి మీద. ఈ మాటలన్నీ మా మామతోనే పోతాయేమోనన్న భయంతో 'మా ఊరి మగ్గం మాటలు' అని పీహెచ్‌డీ అంశం రాసుకుని గైడుగారి దగ్గరకు వెళ్ళాను.

"ఇందులో సాహిత్యమేదయ్యా?" అన్నారాయన.

"మాటలున్నాయి సార్."

"మాటలు లింగ్విస్టిక్స్ వాళ్ళవి. అయినా ఈ పని భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఎప్పుడో చేసేశారు."

చేశారు, నిజమే. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. తర్వాత చేనేతకూ ఒక సంపుటం వేశారు. ఒకరు ఒకసారి చేస్తే ఇక ఆ పని అయిపోయినట్టేనని మా విభాగంలో లెక్క. ఈ లెక్క శ్రీశ్రీకి మాత్రం వర్తించదు. ఆయన మీద ఎంతమంది చేసినా ఇంకొకరికి చోటుంటుంది, పల్లెవెలుగు బస్సు మాదిరి.

గైడుగారు చెడ్డవారు కారు. నిబంధన ప్రకారం ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మంది ఉండొచ్చు, అసోసియేటు దగ్గర ఆరుగురు, అసిస్టెంటు దగ్గర నలుగురు. కుర్చీలు సగం ఖాళీగా ఉన్న విభాగంలో మిగిలిన ఒక్క ప్రొఫెసరు ఆయన. ఎనిమిదో మనిషిని నేను. పది నిమిషాల్లో నా అంశాన్ని 'తెలుగు కవిత్వంలో చేనేత జీవన చిత్రణ: సమగ్ర పరిశీలన'గా మార్చి, పెన్ను మూత పెట్టేశారు.

ఈ 'సమగ్ర' గురించి ఒక మాట చెప్పాలి. ఉత్త 'పరిశీలన' అయితే రెండువందల పేజీలు చాలు. 'అనుశీలన' అంటే పరిశీలనే గాని, చేసినాయన సంస్కృతం కూడా చదువుకున్నాడని అర్థం. 'సమగ్ర పరిశీలన' మూడువందల యాభైకి తగ్గితే బైండింగువాడు కూడా అనుమానంగా చూస్తాడు. మా లైబ్రరీ రెండో అంతస్తులో సమగ్రంగా పరిశీలించబడ్డ కవులు వరసగా నిలబడి ఉన్నారు. మళ్ళీ వాళ్ళను తెరిచి చూసినవాళ్ళెవరూ లేరనడానికి అట్టల మధ్య పుస్తకపు పురుగుల కుటుంబాలే సాక్ష్యం.

సరే, డీటీపీ అన్న దగ్గరకు వద్దాం. నా కాగితం ఒక చూపు చూసి, "మొదటి అధ్యాయం రాసుకొచ్చిన్రా సార్, నన్నయ ఫైలు పెట్టమంటరా?" అన్నాడు.

"నన్నయ ఫైలేంటన్నా?"

పేజ్‌మేకర్ తెరిచి చూపించాడు. 'తెలుగు సాహిత్య పరిణామం: నన్నయ నుంచి నేటి వరకు'. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో మొదలై, తిక్కన, పోతన, ప్రబంధాలు, గురజాడ మీదుగా బస్సు ఎక్కడా ఆగకుండా నేటి వరకు వచ్చేస్తుంది. మొన్న సినిమా పాటల మీద చేసిన మేడంకు అదే పెట్టాడట. అంతకుముందు బాలసాహిత్యానికీ అదేనట.

"చేనేతకూ నన్నయకూ ఏం సంబంధమన్నా?"

"సంబంధం సార్లు సూసుకుంటరు. నేను మార్జిన్లు సూసుకుంట."

సార్ చూసుకున్నారు కూడా. రాజరాజ నరేంద్రుడు కొలువుకు ఏం బట్ట కట్టుకొచ్చేవాడో ఊహించి ఒక పేరా రాసి కలపమన్నారు. కలిపాను.

ఇక్కడ ఇంకో తమాషా. 2008 అక్టోబరు 31న కేంద్రం మన తెలుగును ప్రాచీన భాషగా ప్రకటించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికో, అలీగఢ్‌కో వెళ్ళి తెలుగు ఎక్కడ చెబుతారని అడిగితే ఆధునిక భారతీయ భాషల విభాగానికి దారి చూపిస్తారు. పొద్దున ప్రాచీనం, మధ్యాహ్నం ఆధునికం. పింఛను అడగబోతే చిన్నవయసంటారు, ఉద్యోగం అడగబోతే వయసు మీరిందంటారు. ఆ ఉద్యోగం సంగతి నాకు సొంత అనుభవమే. నెట్ పాసయ్యాను గాని జేఆర్ఎఫ్ ఫెలోషిప్పు రాలేదు. ఆ రెంటికీ తేడా నాలుగు మార్కులు. 2023 జనవరి నుంచి అయితే నెలకు 37 వేల రూపాయలు. కడుపు నింపుకోవడానికి ఒక ఇంటర్ కాలేజీలో తెలుగు లెక్చరరు పని అడగబోయాను. మార్కులు బాగా పడతాయని మా పిల్లలందరూ సంస్కృతమే తీసుకున్నారన్నాడు ప్రిన్సిపాలు.

"మీకు సంస్కృతం వచ్చా?"

"రాదండీ."

"పర్లేదు, పిల్లలకూ రాదు" అని చేర్చుకున్నాడు. తెలుగు మీద నా పరిశోధనను రెండేళ్ళు సాకింది సంస్కృతమే.

నేను చేరేనాటికి ఒక పరిశోధన వ్యాసం అచ్చు కావాలి, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలి అని నిబంధన. సదస్సంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం: పొద్దున పదిన్నరకు జ్యోతి వెలిగిస్తారు. పన్నెండున్నర దాకా వేదిక మీదివాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. భోజనాలయ్యాక ముప్పై మంది పత్రసమర్పకులకు తలా నాలుగు నిమిషాలు. నేను 'నేతన్న కన్నీరు' అనేసరికి గంట కొట్టారు. కన్నీటి తర్వాత నా దగ్గర పదకొండు పేజీలున్నాయి. అమెరికాలో ఉన్న తెలుగాయన ఒకరు జూమ్‌లో కనిపించి "వినిపిస్తోందా?" అని నాలుగుసార్లు అడిగారు, దాంతో మా సదస్సు అంతర్జాతీయం అయింది. సర్టిఫికెట్టు మీద ఆ మాట బంగారు రంగులో ఉంది.

వ్యాసం కథ ఇంకా బాగుంటుంది. యూజీసీ కేర్ జాబితాలో ఉన్న పత్రికలో వస్తేనే లెక్క అన్నారు. జాబితాలోని తెలుగు పత్రికలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, వాటి గుమ్మం ముందు తెలుగు రాష్ట్రాల పరిశోధకులంతా నిలబడి ఉన్నారు. ఏడాదిన్నర తిరిగి వేయించుకున్నాను. ఈలోగా 2022 నవంబరులో కొత్త నిబంధనలొచ్చి, వ్యాసం తప్పనిసరి కాదన్నాయి. ఎగిరి గంతేశాను. పాత విద్యార్థులకు పాత నిబంధనే అన్నారు, దిగాను. 2025 ఫిబ్రవరిలో ఆ కేర్ జాబితానే ఎత్తేశారు. ఉన్న పత్రికను జాబితాలోంచి తీసెయ్యడం విన్నాం గాని, పత్రికలను ఉంచి జాబితాను తీసెయ్యడం నా వ్యాసం చేసుకున్న అదృష్టం.

ఇక కాపీ పరీక్ష. మా అన్న టైపు చేసేది అను ఫాంట్లలో. తెర మీద మనకు తెలుగే కనిపిస్తుంది, కంప్యూటరు కడుపులో మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం. సాఫ్ట్‌వేరు నా గ్రంథాన్నంతా చదివి, ఇలాంటి రాత ప్రపంచంలో ఎవరూ రాయలేదని తేల్చింది. పోలిక సున్నా శాతం. తెలుగు పరిశోధనలో అంతటి మౌలికత చూసి గైడుగారే కంగారుపడ్డారు. లైబ్రరీలో ఒక కుర్రాడు మాత్రం కనిపెట్టి, యూనికోడ్‌లో తెమ్మన్నాడు.

మార్చి తెచ్చాం. మార్చడంలో 'నేత' కొన్నిచోట్ల 'నేతి' అయింది. పద్మశాలీలు నేతి కార్మికులయ్యారు. దాన్ని సరిచేసుకుని పరీక్షకు పెడితే నలభై ఒక్క శాతం! పది దాటితే కుదరదు. నేను రాసిన అధ్యాయాల్లో ఏమీ లేదు. పోలికంతా నన్నయ ఫైలుదే. ఆయన నాకన్నా ముందు ఎంతమంది గ్రంథాల్లో కాపురం చేసి వచ్చాడో ఆ ఎర్రగీతలు చూస్తే తెలిసింది.

వరసగా పద్నాలుగు మాటల దాకా కలిస్తే పట్టించుకోనక్కర్లేదని 2018 నిబంధనల్లో ఒక వెసులుబాటుంది. ఇది రాసినవాళ్ళు తెలుగు ఎరిగినవాళ్ళు కారు. ఇంగ్లీషులో పద్నాలుగు మాటలంటే ఒక వాక్యం. తెలుగులో 'చెప్పుకోలేకపోతున్నవాళ్ళందరికీ' అన్నది ఒక్క మాట. అలాంటివి పద్నాలుగంటే మనిషి గోడు మొత్తం పట్టేస్తుంది. ఆ దయ వల్ల సగం తగ్గింది. మిగిలిన సగానికి అన్నే ఉపాయం చెప్పాడు: "రచించాడు అన్నకాడల్లా రచన గావించాడు అని కొట్టు సార్." కొట్టాం. తొమ్మిది శాతానికి దిగింది. అచ్చమైన సొంత రచన గావించబడింది.

ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసినప్పుడు ఊళ్ళు పట్టి తిరిగారు, పాడేవాళ్ళ ముందు కూచుని రాసుకున్నారు. నేనూ క్షేత్ర పర్యటన చేశాను: లైబ్రరీ నుంచి జిరాక్స్‌కు, జిరాక్స్ నుంచి డీటీపీకి. అయిదేళ్ళలో నేను మా మామ మగ్గం గుంట దగ్గర కూచున్నది ఒక్కపూటే, అదీ ముఖచిత్రానికి ఫొటో కోసం.

వైవాకు ఎవరైనా రావచ్చు గనక మామను పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన తను నేసుకున్న తువ్వాలతో వచ్చి చివరి వరసలో కూచున్నాడు. పరీక్షకులు పెద్దమనిషి, నా గ్రంథాన్ని రైల్లో చూశానని ముందే చెప్పారు.

"పడుగు అంటే అడ్డంగా వచ్చే దారమే కదా?" అన్నారు.

చివరి వరసలో మామ దగ్గాడు. మా గైడుగారు నన్నే చూస్తున్నారు. గోడ గడియారం ఒంటిగంటకు దగ్గరగా ఉంది, బిర్యానీ వచ్చేసిందని అటెండరు తలుపు సందులోంచి సైగ చేశాడు. పడుగు నిలువు, పేక అడ్డం. మా ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకు తెలుసు. కొన్నాళ్ళ కిందటి దాకా నాకూ తెలుసు.

"అవును సార్, ఒక కోణంలో చూస్తే" అన్నాను.

చప్పట్లు, ఫొటోలు, శాలువా. శాలువా లూథియానా మిల్లుది.

బయట చెట్టు కింద మామ నా గ్రంథాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. తెరవలేదు. అట్ట మీద బొటనవేలు అటూ ఇటూ పోనిచ్చి, "రెక్సినా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. పుస్తకం నా చేతికిచ్చి, భుజం మీది తువ్వాల తీసి నా ముఖానికెదురుగా నిలువుగా పట్టుకున్నాడు. తర్వాత దాన్ని మెల్లగా పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకున్నాడు.

"గీ కోణంలనేనా అల్లుడా?"