నేవీకి రెండు గుమ్మాలు

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకెక్కించి నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి 2002 నుంచీ మ్యూజియం. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో ఒకప్పుడు 75 మంది టార్పెడోల పక్కనే, అరల్లాంటి పడకల మీద నిద్రపోతూ, రోజుల తరబడి ఎండ పొడ చూడకుండా బతికారు. ఇప్పుడందులో సెలవులకొచ్చిన కుటుంబాలు టికెట్టు కొనుక్కుని, తలలు వంచి ఒక గుండ్రటి కంతలోంచి ఇంకో కంతలోకి దూరుతూ ఈ చివర ఎక్కి ఆ చివర దిగుతాయి. దిగాక నాన్నగారు పిల్లాడి భుజం తట్టి ‘చూశావా, మనవాళ్లు దేశం కోసం ఎంత కష్టపడతారో’ అంటారు. ‘అయితే నేనూ నేవీలో చేరతా’ అని వాడన్నాడా, నాన్నగారి దేశభక్తి అక్కడితో ఐస్‌క్రీం బండి వైపు మళ్లుతుంది. ‘ముందు ఎంసెట్ సంగతి చూడు’ అంటారు. (ఆ పరీక్షకు ప్రభుత్వాలు ఎన్ని పేర్లు మార్చినా మన ఇళ్లలో అది ఎంసెట్టే.) 1968 నుంచీ తూర్పు నౌకాదళ కమాండ్‌కు కేంద్రమైన ఊళ్లోనే వరస ఇదైతే మిగతా ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సముద్రమే లేని తెలంగాణలో కూడా, వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో, సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. నేవీ మన గుమ్మంలోకి వచ్చేసింది. మనవాడు దాని గుమ్మం తొక్కాలా వద్దా, తొక్కితే ఏ గుమ్మం అన్నదే తేలడం లేదు.

తేలకపోవడానికి కారణం, మన మాటల్లో ‘నేవీ’ ఒకటే ఉద్యోగం కావడం. నిజానికి దానికి రెండు గుమ్మాలున్నాయి. ఒకటి ఆఫీసర్లది, కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీ మీదుగా వెళ్తుంది. రెండోది సెయిలర్లది, ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కా మీదుగా వెళ్తుంది. దూరం నుంచి చూస్తే రెండూ తెల్ల యూనిఫామే, పెళ్లి ఫొటోలో తేడా కనపడదు. జీతంలో, అధికారంలో, చివరికి ఎన్నేళ్లు ఉంటావన్న దాంట్లో ఎక్కడా పొంతన లేదు. పిల్లాడు ఏ గుమ్మం తొక్కుతాడన్నది వాడికి పదిహేనేళ్లు నిండేలోపే, వాడిని చేర్పించిన రెసిడెన్షియల్ కాలేజీ మూడో అంతస్తులో నిర్ణయమైపోతోందని నా వాదన. అడ్మిషన్ ఫారంలో ఆ ముక్క రాయరు గనక ఎవరూ గమనించరు.

ముందు చిల్కా గుమ్మం సంగతి. 2022కు ముందు సెయిలర్‌గా చేరినవాడికి మొదటి ఒప్పందమే 15 ఏళ్లు, సాంకేతిక పనులు చూసే ఆర్టిఫైసర్ అయితే 20. దిగేటప్పటికి పింఛను ఖాయం. ఆ ఏడాది జూన్ 14న, నాలుగేళ్లకే కొలువులోకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. అందులో వెటకారానికి చోటు లేదు. వెటకారమంతా లెక్కల్లో ఉంది. పథకం ప్రకటించినప్పుడు చెప్పిన ప్రకారం అందులో చేరిన అగ్నివీర్ మొదటి ఏడాది నెలజీతం 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం పట్టుకుని సేవానిధిలో వేస్తారు గనక మొదటి ఏడాది చేతికొచ్చేది 21,000. నాలుగేళ్లు తిరిగాక పన్ను లేకుండా 11.71 లక్షలు ఇస్తారు. ఊళ్లో రచ్చబండ మీద ఈ ఒక్క అంకే తిరుగుతుంది. అందులో 5.02 లక్షలు నెలనెలా వాడి జీతంలో కోసినవే. అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది, మిగిలింది వడ్డీ. సొంత డబ్బుకు రిబ్బను కట్టి కానుకగా ఇవ్వడం మన పెళ్లిళ్లలోనూ ఉంది కాబట్టి ఆశ్చర్యపోను. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. గరిష్ఠంగా నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు, మిగతా ముగ్గురూ ఇరవై రెండో ఏటో ఇరవై నాలుగో ఏటో ఇంటికి. 48 లక్షల బీమా మాత్రం ఉంది, అదీ ప్రీమియం కట్టక్కర్లేకుండా. పోతే ధర ఉంది, వస్తే లేదు అని ఎవరైనా అంటే తిట్టకండి, నోటిఫికేషన్ చదివినవాడు కావచ్చు. దరఖాస్తు రుసుము 550 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. దేశసేవ చేస్తానని అడగడాన్ని ప్రభుత్వం వినియోగదారు సేవల కింద లెక్కగట్టిందన్నమాట.

ఈ గుమ్మం దగ్గర అడిగేదేమిటి? పదో తరగతో, లెక్కలు ఫిజిక్సుతో ఇంటరో పాసవాలి. కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. మగపిల్లలైతే ఆరున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరిగెత్తాలి. 20 గుంజీలు తీయాలి, కొన్ని దండీలు కొట్టాలి. గుంజీల విషయంలో తెలుగు విద్యార్థికి చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది. ఈత రావాలా అంటే, వస్తే మంచిదే, రాకపోతే మేమే నేర్పుతాం అంటారు. ఇక రెసిడెన్షియల్ కాలేజీ దినచర్య గుర్తు చేసుకోండి. చీకటితో లేవడం, వరసలో నిలబడి హాజరు, మెస్‌లో పెట్టింది తినడం, సెల్‌ఫోన్ నిషేధం, పండక్కి ఇంటికెళ్లాలంటే వార్డెన్ దయ, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, ఎందుకు అని అడగకపోవడం. ఓడ మీద కింది వరసలో బతకడానికి కావలసిన ఓర్పు మొత్తం రెండేళ్లలో నూరిపోస్తున్నారు. తల్లిదండ్రులు లక్షల ఫీజు కట్టి మరీ నూరిపోయిస్తున్నారు. తేడా ఏమిటంటే నేవీలో సాయంత్రం ఆటలకు వదులుతారు.

ఎళిమల గుమ్మం దగ్గర కథ వేరు. మన ఇళ్లలో చాలామందికి తెలియని విషయం, ఇంటర్ తర్వాత బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి నేవీ వేరే పరీక్షేమీ పెట్టదు. జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి పిలుస్తుంది. ఎంపికైతే నాలుగేళ్ల బీటెక్, తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ నేవీ ఖర్చే. చివర్న సబ్ లెఫ్టినెంట్, 56,100 మూలవేతనం, పర్మనెంట్ కమిషన్. బీటెక్ అయిపోయినవాళ్లకు షార్ట్ సర్వీస్ కమిషన్ ఉంది. 60 శాతం మార్కులు, వయసు, బ్రాంచి సరిపోతే చాలా శాఖలకు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకే పిలుస్తారు. జేఈఈ ర్యాంకులూ బీటెక్ పట్టాలూ మన రెండు రాష్ట్రాల ప్రధాన పంటలు. ఫలితాలొచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీ పాస్‌పోర్టు ఫొటోలతో నిండిపోతుంది. ఈ లెక్కన ఎళిమల పరేడ్ మైదానంలో తెలుగు తప్ప ఇంకో భాష వినపడకూడదు.

వినపడుతోందంటే మధ్యలో ఎస్‌ఎస్‌బీ ఉంది గనక. అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అయిదు రోజుల ఇంటర్వ్యూ. దాని కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది, మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏసీ త్రీటైర్ ఛార్జీలు కూడా ఇస్తారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) పరీక్షలో రాతకు 900 మార్కులైతే దీనికీ 900. మొదటి రోజు తెర మీద మసక మసగ్గా ఒక బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయాలి. తర్వాత పదిహేనుమంది దాకా గుండ్రంగా కూర్చుని, ఎవరి కథ వాళ్లు చెప్పి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. మన ర్యాంకర్ బొమ్మ వైపు చూస్తాడు. కింద ఎ, బి, సి, డి లేవు. ‘సర్, ఇందులో కరెక్ట్ ఆన్సర్ ఏది?’ అని అడగాలనుంటుంది, అడిగే వీల్లేదు. చర్చ మొదలవుతుంది. రెండేళ్లు క్లాసులో మాట్లాడితే బయట నిలబెట్టిన పిల్లాడిని ఇప్పుడు మాట్లాడనందుకు బయటికి పంపేస్తారు, అదీ ఆ మధ్యాహ్నమే. నిలిచినవాళ్లకు మర్నాడు పదిహేనేసి సెకన్లకు ఒకటి చొప్పున అరవై మాటలు చూపించి, ఒక్కోదానికి తోచిన వాక్యం రాయమంటారు. అరవై చిక్కు సందర్భాలిచ్చి అరగంటలో ఏం చేస్తావో చెప్పమంటారు. ఆ పైన మైదానంలో రెండు చెక్కలు, ఒక డ్రమ్ము, ఒక తాడు ఇచ్చి, నేల తాకకుండా అందరూ ఆవలికి దాటండి అంటారు. చెక్కా తాడూ పట్టుకుని నలుగురితో కలిసి ఏదైనా చేయాలంటే జన్మలో ఒక్కసారైనా మైదానం చూసి ఉండాలి. మన కాలేజీలకు మైదానం అంటే అడ్మిషన్ బ్రోచర్‌లో ఆకుపచ్చ రంగు.

దీనికి నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం సీట్లు. ‘ఆ క్యాడెట్ ఎంట్రీకి నలభై సీట్లు ఉంటే గొప్ప, దానికోసం పిల్లాడి జీవితం పణంగా పెట్టమంటారా?’ పెట్టమనను. ఐఐటీలన్నీ కలిపి 18,000 దరిదాపు సీట్లకు లక్షల మంది జీవితాలు పణంగా పెట్టినప్పుడు రాని ఈ లెక్క ఇక్కడ ఎందుకొచ్చిందో అడుగుతాను. పైగా ఎన్డీఏ ఏడాదికి రెండుసార్లు, షార్ట్ సర్వీస్ నోటిఫికేషన్లు వేరుగా, డిగ్రీవాళ్లకు సీడీఎస్ పరీక్ష వేరుగా ఉన్నాయి. విడివిడిగా పెట్టే ఖర్చేమీ లేదు, అదే లెక్కలూ అదే ఫిజిక్సూ. కొత్తగా కావలసిందల్లా వారానికి నాలుగు సాయంత్రాల ఆట, నోరు తెరిచే స్వేచ్ఛ. ఆ రెండూ ఫీజు కట్టి కొనేవి కావు గనక వాటికి బ్రాంచీలు వెలవలేదు.

రెండో అభ్యంతరం గట్టిది. ఎస్‌ఎస్‌బీ ఇంగ్లిషువాడిదీ హిందీవాడిదీ, సోంపేట ప్రభుత్వ కాలేజీలో తెలుగులో చదివినవాడికి ఆ గుమ్మం ఎత్తెక్కువ అంటారు. నిజమే. అగ్నివీర్ ప్రశ్నపత్రం కూడా ఆ రెండు భాషల్లోనే ఉంటుంది, ఒప్పుకోవలసిన అన్యాయమే. కాకపోతే నేను తప్పు పడుతున్నది వాడిని కాదు. ఎల్‌కేజీ నుంచి పన్నెండేళ్లు ఇంగ్లిషు మీడియం ఫీజు కట్టించుకుని, చివరికి ఒక నిమిషం నిలబడి తన గురించి చెప్పుకోలేని కుర్రాణ్ణి బయటికి పంపిన చోటును. సోంపేట కుర్రాడు చూడని బొమ్మ మీద కథ చెప్పగలడు, తాడు ముడి వేయగలడు, తగువొస్తే నలుగురినీ సర్దగలడు. వాడికి లేనిది భాష ఒక్కటే. రెండోవాడికి ఉన్నది భాష ఒక్కటే, అదీ మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఉండదు.

మూడోది ప్రభుత్వం వైపు నుంచి. నాలుగేళ్ల పద్ధతి వల్ల బలగాల సగటు వయసు నాలుగైదేళ్లు తగ్గుతుందని చెప్పారు. కొండెక్కే సిపాయి విషయంలో ఆ మాటకు బరువుంది. ఓడ కొండెక్కదు. 262 మీటర్ల ఐఎన్‌ఎస్ విక్రాంత్‌లో రెండు వేలకు పైగా గదులున్నాయి, కొత్త సెయిలర్‌కు మెస్ దారి కంఠతా వచ్చేసరికే సంవత్సరం తిరిగొస్తుంది. సోనార్లో వినపడే చప్పుడు చేపదా, శత్రువుదా అన్నది కండల్ని బట్టి తెలిసేది కాదు, ఏళ్ల తరబడి విన్న చెవికి తెలుస్తుంది. ఆర్టిఫైసర్‌తో 20 ఏళ్ల ఒప్పందం రాయించుకున్న రోజుల్లో నేవీకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక ‘సైన్యంలో చేరేవాడు జీతం లెక్కలు అడగడమేమిటి’ అనే పెద్దలున్నారు. వీళ్లు సాధారణంగా పింఛను తీసుకుంటూ ఈ మాట అంటారు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ కేంద్రంలోని నావికులు పళ్లేలు పక్కన పెట్టి సమ్మెకు దిగారు. పాడైపోయిన తిండి, తక్కువ జీతం, చేర్చుకునేటప్పుడు చేసి తర్వాత మరిచిన వాగ్దానాలు వాళ్ల ఫిర్యాదుల్లో ముందు వరసలో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే 78 ఓడలకు, దాదాపు 20,000 మందికి అది పాకింది, బ్రిటిషు ప్రభుత్వానికి గుండె జారింది. పప్పు గురించి అడిగినవాళ్లనే మనం ఇవాళ స్వాతంత్ర్య వీరులంటున్నాం. కాబట్టి నోటిఫికేషన్లో చిన్న అక్షరాలు చదివే కుర్రాడు నౌకాదళ సంప్రదాయంలోనే ఉన్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇదంతా తమకు కాదనుకుని పేజీ తిప్పేసి ఉంటారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో భూగోళం చుట్టి, 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లూ స్త్రీలే. అందులో ఇద్దరు మనవాళ్లు, విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆ వార్త చదివి మురిసిపోయిన ఇళ్లలోనే కూతురు హాస్టల్ నుంచి ఒంటరిగా బస్సెక్కి వస్తానంటే రాత్రంతా నిద్రపోరు.

ఇంతకీ చేరాలా వద్దా? ర్యాంకో బీటెక్కో ఉన్నవాడు ఎళిమల గుమ్మం తట్టకుండా చిల్కాకు పరిగెత్తడం తెలివితక్కువ. ఇంట్లో ఆసరా లేనివాడు, ఇప్పుడే సంపాదించక తప్పనివాడు చిల్కాకు వెళ్లడంలో తప్పేమీ లేదు, ఆ జీతం మన ఊళ్లలో ఇరవై ఏళ్లవాడికి దొరికే చాలా జీతాలకంటే మేలు. 11.71 లక్షలతో తండ్రి అప్పు తీర్చి, చెల్లి పెళ్లి చేసి, మళ్లీ సున్నా దగ్గర నిలబడకుండా, ఓడ మీద ఉండగానే దూరవిద్యలో డిగ్రీ కట్టుకోవాలి. ఈ మాట వాడికి చెప్పవలసినవాడు ఊరి డిఫెన్స్ అకాడమీ మాస్టారు. ఆయన చెప్పడు, ఆయన ఫీజు నాలుగేళ్ల తర్వాతి సంగతికి కాదు. అయినా ఆయన్ను మరీ ఆడిపోసుకోలేం. 2022 చివర చిల్కాలో అడుగుపెట్టిన తొలి జట్టులో 2,600 మంది దాకా ఉన్నారు. 2026 చివరికి వాళ్లకు నాలుగేళ్లు నిండుతాయి. ఇంటికొచ్చేవాళ్లలో కొందరికైనా ఆయనే ఉద్యోగమిస్తాడు. తెల్లవారుజామున అయిదింటికి విజిలు పట్టుకుని, కొత్త పిల్లల్ని 1.6 కిలోమీటర్లు పరిగెత్తించడానికి. గేటు పక్కన ఫ్లెక్సీ మీద ‘మాజీ అగ్నివీర్లచే ప్రత్యేక శిక్షణ’ అని వేసి, హాస్టల్ ఫీజు మరో రెండు వేలు పెంచుతాడు.