సాలీడు పోసిందట!

రాత్రి పదిన్నరకి మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. బాత్రూం తలుపు వెనక టైల్స్ మీద, అరచేతి వెడల్పున కాళ్లు చాపుకుని ఒక గోధుమరంగు సాలీడు. పొట్ట కింద తెల్లటి బిళ్ల ఒకటి పట్టుకుని ఉంది. ఫొటో పెట్టిన మూడో అంతస్తు ఆయన కింద ఒకే ముక్క రాశారు: ‘డేంజర్’.

పది నిమిషాల్లో ఆ సాలీడికి ఒక దేశమూ, ఒక నేరచరిత్రా ఏర్పడ్డాయి. రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు అది బ్రెజిల్‌దని తేల్చారు. విశాఖ మధురవాడ దాకా ఎలా వచ్చిందండీ అని ఎవరూ అడగలేదు, పోర్టు ఉందిగా. అయిదో అంతస్తు అమ్మాయి ఆ తెల్లబిళ్ల విషపు సంచి అంది. ఎవరో ముందుజాగ్రత్తగా అంబులెన్సు నంబరు పెట్టారు. దానికి పద్నాలుగు దణ్ణాల బొమ్మలు.

వాచ్‌మన్ భార్యని పైకి పిలిచి చూపించారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. "ఇదేటి బాబూ, బొద్దింకల్ని తినీసే సాలీడు కాదేటి! గుడ్లతోటుంది, ఒగ్గీండి" అంది. ఆవిడకి గ్రూపులో సభ్యత్వం లేదు కాబట్టి ఆ అభిప్రాయం రికార్డుల్లోకి ఎక్కలేదు. పదకొండు గంటలకి ఇంకో ఫొటో వచ్చింది. అందులో సాలీడుతో పాటు ఒక చెప్పు కూడా ఉంది.

ఆవిడ చెప్పిందే నిజం. అది హంట్స్‌మన్ అనే రకం. వల కట్టదు, రాత్రిపూట గోడల మీద పరిగెత్తి బొద్దింకల్ని పట్టుకుంటుంది. తెల్లబిళ్ల గుడ్ల సంచి. పిల్లలు బయటికొచ్చేదాకా దాన్ని మోస్తూనే తిరుగుతుంది. దానికి విషం ఉందా అంటే, ఉంది. ఆ మాటకొస్తే సాలీళ్లలో దాదాపు అన్నిటికీ ఉంది. 2022 నాటికి శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టి నమోదు చేసిన సాలీడు జాతులు యాభై వేలు దాటాయి. వాటిలో విషగ్రంథులు లేనివి బహు కొద్ది. మనిషికి ప్రమాదం తెచ్చేవి అంతకన్నా కొద్ది. మిగతా వాటి విషమంతా ఈగ కొలతకీ బొద్దింక కొలతకీ కుట్టించిన చొక్కా. మనకి పట్టదు.

ఇంట్లో విషసాలీడుని కనిపెట్టడానికి మనవాళ్ల దగ్గర తిరుగులేని పద్ధతి ఒకటుంది. ముందు ఒంటిమీద దద్దురు రావాలి. తరవాత సాలీడు కోసం వెతకాలి. దొరికిందా, అదే కరిచింది. దొరకలేదా, కరిచి పారిపోయింది. మూలమూలనా బూజు వేలాడే ఇళ్లలో ముద్దాయికి కొరత ఉండదు. అసలు కరవడం దాకా కూడా పోనక్కర్లేదు. పోస్తే చాలు.

‘సాలీడు పోసింది’ అన్న మాట వినని తెలుగు చెవులు తక్కువే అనుకుంటాను. నిద్ర లేచేసరికి మెడమీద వాత పెట్టినట్టు ఎర్రటి చార, దానిమీద సన్నపొక్కులు, మంట. సాలీడు పోసిందంటుంది పెద్దమ్మ. ఎలా తెలుసు పెద్దమ్మా అంటే, పొక్కులొచ్చాయి కదరా అంటుంది. పొక్కులెందుకొచ్చాయంటే, సాలీడు పోసింది కనక. ఈ తర్కంలోకి సూది మొన కూడా దూరదు.

చిక్కేమిటంటే సాలీడికి మనలాగా ఉచ్చ పోసే ఏర్పాటే లేదు. ఒంట్లో నీటిని అది పిసినారిలా దాచుకుంటుంది. అది విసర్జించేది చాలామటుకు గ్వానిన్ అనే తెల్లటి పదార్థం. గోడమీద సున్నపు చుక్కలా పడి ఎండిపోతుంది. చర్మం మీద పడినా తుడుచుకుంటే పోతుంది.

మెడమీద చార పెట్టింది వేరేవాడు. వానాకాలం సాయంత్రాల్లో ట్యూబులైటు చుట్టూ మూగే పురుగుల్లో సన్నగా, పెద్దచీమంత పొడుగుతో, నారింజ నలుపు పట్టీలతో ఒకటి ఉంటుంది. పేపర్లవాళ్లు దాన్ని ఆసిడ్ ఫ్లై అంటారు కానీ అది ఈగ కాదు, పెంకుపురుగుల కుటుంబం. పాపం కుట్టదు, కరవదు. మెడమీద పాకుతుంటే మనమే నిద్రమత్తులో అరచేత్తో నలిపేస్తాం. దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుతుంది. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులయ్యాక మంట మొదలవుతుంది. మోచేతి మడతలో నలిగితే పైనొకటీ కిందొకటీ, అద్దంలో చూసుకున్నట్టు జంట మచ్చలు. చంపింది మనం, చచ్చింది పురుగు, ఉరిశిక్ష సాలీడికి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. సర్పి దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు. నడుముకో ఛాతీకో ఒకవైపే పట్టీ కట్టినట్టు పొక్కులు వస్తాయి, లోపల నిప్పు పెట్టినట్టుంటుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్ నరాల మొదళ్లలో ఏళ్లకేళ్లు పడుకుని, వయసు మళ్లాకో సత్తువ తగ్గాకో లేచి ఒక నరం వెంట బయటికి రావడమే సర్పి. దీనికి మందుంది. పొక్కులు కనబడ్డ 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ 72 గంటల్నీ మనం ఎలా ఖర్చు పెడతామో చూడండి. మొదటిరోజు, పోసింది సాలీడా, పాకింది మరొకటా అని చర్చ. రెండోరోజు ఎర్రమన్ను పూత. మూడోరోజు ఊరవతల మంత్రం వేసే ఆయన దగ్గర వరస. ఆయన ఆదివారం, గురువారమే వేస్తాడు. అయిదోరోజు డాక్టరు. మా దగ్గరి బంధువు ఒకాయన సరిగ్గా ఈ దారినే వెళ్లాడు. పొక్కులు మానాయి, నొప్పి మానలేదు. చొక్కా తగిలినా ఉలిక్కిపడేవాడు, ఎనిమిది నెలలు. ఇప్పటికీ పడమటింట్లో బూజు కనబడితే పళ్లు కొరుకుతాడు. మంత్రం వేసినాయన ఎదురుపడితే మాత్రం నమస్కారం పెడతాడు.

2012లో అస్సాంలోని సాదియా ప్రాంతంలో సాలీళ్ల దండు ఊరిమీద పడిందని దేశమంతా గగ్గోలు పుట్టింది. ఇద్దరు చనిపోయారని వార్తలొచ్చాయి. కాటుపడ్డవాళ్లని ముందు తీసుకెళ్లింది మంత్రగాళ్ల దగ్గరికి. వాళ్లు గాటుని బ్లేడుతో కోసి నెత్తురు తీశారు. ప్రాణం మీదికి రావడానికి ఆ కోతలు కూడా కారణమై ఉండొచ్చని అక్కడి ఆసుపత్రి వైద్యులే అన్నారు. ఆ వార్త చదివి సాలీడంటే భయపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. బ్లేడంటే భయపడ్డవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

మళ్లీ మా గ్రూపుకొద్దాం. చెప్పు ఫొటో తరవాత జ్ఞానం వరదలెత్తింది. విమానాశ్రయం హోటల్లో టాయిలెట్ సీటు కింద పొంచి ఉండి ఆడవాళ్లని కరిచి చంపే సాలీడు గురించి ఒక సందేశం వచ్చింది. ఇది నాకు పాత చుట్టం. 1999లో అమెరికాలో ఈమెయిళ్ల మీద బయల్దేరిన కట్టుకథ. అందులో షికాగో విమానాశ్రయానికి పెట్టిన పేరు దొంగపేరు, అచ్చయిందన్న వైద్యపత్రిక లేదు, సాలీడికి పెట్టిన లాటిన్ పేరులో సగం అర్థం పిర్ర. రాసినవాడు అంత స్పష్టంగా నవ్వుతూ రాసినా జనం వణుకుతూ చదివారు. కొన్నేళ్లకి ఎవరో దానికి మన ఆసియా ఖండపు ఈగపులి జాతి పేరొకటి తగిలించి మళ్లీ వదిలారు. ఈగపులి ఎవరికీ హాని చెయ్యదు. గోడమీద గంతులేసుకుంటూ ఈగల్ని పట్టుకుని, మన వేలికేసి తల తిప్పి చూసే బుల్లి ప్రాణి. ఇంకో సందేశం, పొడుగు కాళ్లతో మూలల్లో ఊగే సాలీడిది ప్రపంచంలోకెల్లా ఘోరమైన విషమట, కోరలు పొట్టివి కావడం వల్లే బతికిపోయామట. మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమంలో ఒకాయన దాని దగ్గర చెయ్యి పెట్టి మరీ కరిపించుకున్నాడు. కాసేపు చురుక్కుమంది, అంతే.

అర్ధరాత్రికి మా గ్రూపులోకి అమెరికా సంతానం దిగింది. ఇంజనీరుగారబ్బాయి డల్లాస్ నించి బ్రౌన్ రెక్లూజ్ ఫొటో పెట్టాడు. ఇతగాడి భయంలో న్యాయం ఉంది. టెక్సాస్‌లో అవి నిజంగానే ఉంటాయి, నెత్తిన ఫిడేలు గుర్తుతో. కాటు ఒక్కోసారి పుండు పడుతుంది కూడా. అయితే అదే అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పాత ఇల్లొకటి పరిశోధకుల కంటబడింది. ఆరు నెలల్లో ఆ ఇంట్లో పట్టిన రెక్లూజ్‌లు 2,055. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి విజయనగరంలో కూడా అన్ని ఫిడేళ్లు ఉండి ఉండవు. ఆ ఇంటివాళ్లు ఏళ్లుగా వాటి మధ్యే తిని, పడుకుని, పిల్లల్ని పెంచుకున్నారు. 2002లో ఆ లెక్క అచ్చయ్యేనాటికి వాళ్లలో ఒక్కరికీ కాటు పడలేదు. ఆ పురుగు సొంతంగా కాపురమే లేని కాలిఫోర్నియాలో మాత్రం డాక్టర్లు కూడా ప్రతి పుండుకీ దాని పేరే రాస్తుంటే, రిక్ వెటర్ అనే సాలీళ్ల నిపుణుడు దశాబ్దాలు మొత్తుకున్నాడు. పెద్దమ్మకి డిగ్రీ ఇచ్చి తెల్లకోటు తొడిగితే ఏం చేస్తుందో అదే అక్కడ జరిగింది.

నిజంగా భయపడే హక్కున్న ఊరు సిడ్నీ. అక్కడి ఫనెల్‌వెబ్ సాలీడు, అందులోనూ మగది, మనిషిని చంపగలదు. నమోదైన మరణాలు 13. 1981లో విరుగుడు మందు వచ్చింది. ఆ తరవాత ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ మందుకి విషం ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా? ఇళ్లలో దొరికిన ఫనెల్‌వెబ్‌లని జనం సీసాల్లో పట్టి, మూతకి చిల్లులు పెట్టి, ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్కువాళ్లకి అప్పజెబుతారు. వాళ్లు విషం పిండి మందుకి పంపుతారు. అదే దేశంలో, కరిచిన సాలీడుని చేత్తో పట్టుకుని తెచ్చిన 750 మందిని వరసగా పరిశీలిస్తే, సాలీళ్ల పేరు చెప్పి ఎక్కువగా భయపెట్టే కుళ్లిన పుండు ఒక్కరికీ తేలలేదు. సాలీడు నిజంగా చంపగలిగిన చోట సీసా. ఏమీ చెయ్యలేని చోట చెప్పు.

విషసాలీడు కావాలని ఇంత సరదా పడేవాళ్లం, మన సొంతదాన్ని మాత్రం పట్టించుకోలేదు. అనంతపురం జిల్లా గుత్తి పేరుమీద ఒక సాలీడుంది, నెమలికంఠం రంగులో. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని చూసి 1899లో పోకాక్ అనే ఇంగ్లీషాయన లోకానికి చెప్పాడు. అది ఆ ఊరిది కాకపోవచ్చు. కలపతో పాటు టిక్కెట్టు లేకుండా రైలెక్కి వచ్చి ఉంటుంది. తరవాత వందేళ్లపాటు అయిపు లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్లీ కనబడింది. కాటు గట్టిగానే నొప్పెడుతుంది, కండరాలు పట్టేస్తాయి, ప్రాణం తీసిన దాఖలా లేదు. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. యూరప్, అమెరికాల్లో గాజుపెట్టెల్లో పెట్టుకుని, గుత్తి పేరుతోనే ముద్దుగా పెంచుకుంటున్నారు. మనకి గుత్తి అంటే వంకాయే.

ఆ వారాంతంలో ఇంజనీరుగారు సకుటుంబంగా శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించుకుని వచ్చారు. గ్రూపులో గోపురం ఫొటో పెట్టారు, అందరం దణ్ణాలు పెట్టాం. ఆ ఊరి పేరులో మొదటి అక్షరం, శ్రీ, సాలీడని ఆయనకి తెలియకేం. దాన్ని శివుడికి గూడు అల్లి మోక్షం సంపాదించిన భక్తుడిగా చెప్పుకుంటాం. ఏనుగుకన్నా, పాముకన్నా ముందు దాని పేరే వస్తుంది. బాత్రూంలో ఉంటే వేరు కదా మరి.

ఆదివారం సాయంత్రం అసోసియేషన్ మీటింగు. మొదటి అంశం, సాలీళ్ల మందు కొట్టించడం. ఫ్లాటుకి 400 రూపాయలు. అయిదు నిమిషాల్లో ఏకగ్రీవంగా పాసైంది. నేనూ చెయ్యెత్తాను, ఇంట్లో చెప్పి పంపారు.

రెండో అంశం, వాచ్‌మన్ కుటుంబానికి రెండు మంచాలు, దోమతెరలు. వాళ్లు నలుగురూ సెల్లారులో, నిరుటి రిపేర్లలో మిగిలిన ఇటికల గుట్ట పక్కన, చాపలు పరుచుకుని పడుకుంటారు. ఇటికల్లో ఎలకలున్నాయి. ఎలకలున్నచోటికి కట్లపాము వస్తుంది. అది రాత్రిపూట తిరిగే పాము, నేలమీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది. కాటు నొప్పి తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, ఊపిరి ఆడదు. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర ఉంటే చాలామటుకు తప్పుతుంది. మనదేశంలో 2000 నించి 2019 దాకా పాముకాటుకి పోయిన ప్రాణాలు దాదాపు పన్నెండు లక్షలని పరిశోధకులు లెక్కగట్టారు, ఏడాదికి 58,000. ఎక్కువమంది పోయిన రాష్ట్రాల జాబితాలో మనమూ ఉన్నాం. ఇదంతా నేను చెప్పాను, కొంచెం గొంతు పెంచి కూడా.

ఇంజనీరుగారు ఓపిగ్గా విన్నారు. మందు ఖర్చు పోగా నిధుల్లో మిగిలింది చదివి వినిపించారు. అంశం వచ్చే మీటింగుకి వాయిదా పడింది. ఇది నాలుగోసారి.

తరవాత టీ వచ్చింది. ట్రే పట్టుకొచ్చింది వాచ్‌మన్ భార్యే. "బిస్కట్లు తీసుకోండి బాబూ" అంది.